‘మాదే సార్’ అన్న మాట వెనక నిలబడ్డ ప్లీడరమ్మ

మొన్న మంగళవారం పొద్దున చిత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. మా ప్లీడరమ్మ పోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రం దాకా కోర్టులోనే ఉన్నారని ఆమె గుమాస్తా చెప్పాడు. మనవడిని పిలిచి విషయం చెప్పాను. వాడు చొక్కా మార్చుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆమె మాకు చుట్టం కాదు. గంజాయి కేసులో మా మనవడి తరఫున వాదించిన ప్లీడరు. ఇది రాస్తున్నానంటే మా కోడలు వద్దంది. “ఎందుకత్తా, మరిచిపోయినోళ్ళకి మళ్ళీ గుర్తుచేస్తావు?” అంది. రాస్తాను. పరువు పోతుందని తలుపులు మూసుకున్న ఇళ్ళ పిల్లలే సరైన ప్లీడరు లేక జైల్లో ఉండిపోతున్నారు. ఆమెను తలుచుకోవడమంటే ఆ తలుపులు తట్టడమే.

అప్పుడు వాడు తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాడు. సెలవులకు స్నేహితులతో రైల్లో మా ఊరు పాకాలకు వస్తుంటే, హాస్టల్లో ముఖపరిచయం ఉన్నవాడొకడు ఒక సంచి ఇచ్చాడు. “పాకాలలో మా చిన్నాయన వచ్చి తీసుకుంటాడు,” అన్నాడు. దారిలో పోలీసులు రైలు పెట్టె ఎక్కి సీటు కింద సామాన్లు చూపించి, “ఎవరిదిరా ఇదంతా?” అని అడిగారు. మావాడు లేచి నిలబడి, “మాదే సార్, అంతా మాదే,” అన్నాడు. ఆ సంచిలో గంజాయి ఉంది. కాగితాల్లో మాత్రం ‘నాదేనని ఒప్పుకున్నాడు’ అని రాసుకున్నారు.

నేను చిత్తూరు కోర్టు ముందర దిగగానే ఒక ప్లీడరు ఎదురొచ్చాడు. “నాకు లోపల అందరూ తెలిసినోళ్ళే, రేపే బెయిలు,” అన్నాడు. ఇట్లాంటి కేసు తీర్పు దాకా నడిపారా అని అడిగాను. భూమి తగాదాలు చాలా నడిపానన్నాడు. నేను జీవితమంతా బడిలో తెలుగు చెప్పినదాన్ని. అడిగిన ప్రశ్నకు పక్క ప్రశ్న జవాబు రాసేవాళ్ళకు నేను మార్కులు వేయను. అక్కడి నుంచి వచ్చేశాను. కోర్టు వరండాలో కూర్చున్న వాళ్ళను, కేసు గెలిచిన వాళ్ళను, ఓడిన వాళ్ళను కూడా అడిగాను. ఓడిన ఒకామె చెప్పింది, “మావాడికి శిక్ష పడింది గానీ, ప్లీడరమ్మ మాకు ఏదీ దాచిపెట్టలే,” అని. ఆ మాట పట్టుకుని ప్లీడరమ్మ ఇంటికి పోయాను.

ఇంటి ముందుగదే ఆఫీసు. గోడ మేకుకు నల్లకోటు. ఆమె ఒళ్ళో వేయించిన శెనక్కాయలు. వచ్చినవాళ్ళు చెబుతుంటే టప్ టప్‌మని ఒలుచుకుంటూ వినేది. నేను మొదలుపెట్టాను, “మావాడు బంగారమమ్మా, ఆ సంచిని ముట్టనే లేదు.”

ఒలుపు ఆగింది.

“ముట్టలేదా? తిరుపతి నుంచి అదే నడిచొచ్చిందా టీచరమ్మా?”

నాకు కోపం వచ్చింది. కానీ అక్కడే కూర్చున్నాను. ఎత్తి మోసింది వాడేనని చెప్పాను. మళ్ళీ టప్ మంది.

“ఈ చట్టంలో సంచి మన దగ్గర దొరికితే, తెలిసే పెట్టుకున్నామని అనుకుంటారు. తెలీదని మనమే చూపించాల. ఏడిస్తే సరిపోదు. సరుకు బరువును బట్టే బెయిలు, బరువును బట్టే శిక్ష. శాంపిలు ఎవరి ముందర తీసినారు, సీలు ఎట్లా ఏసినారు, అన్నీ నేను సూడాల. ముందు వాణ్ణి కలిసొస్తా.”

“బెయిలు వస్తుందా?”

“అడిగేది నేను, ఇచ్చేది జడ్జీ. వస్తాదని మాటిచ్చే ప్లీడరు కావాలంటే, దో, దావ అట్లా.”

దావ చూపిస్తూ వాకిలివైపు చెయ్యి ఊపింది. నేను కదల్లేదు. వకాలతు మీద సంతకాలు ఎక్కడ పెట్టాలో అడిగాను.

బెయిలు కొంచెం ఆలస్యంగానే వచ్చింది. పోలీసుల దగ్గరున్న మావాడి ఫోన్లోంచి ఒక మెసేజీ బయటికి తీయించమని ఆమె అర్జీ పెట్టింది. ‘సంచిలో మాయమ్మ చీరలు ఉండాయి, మా చిన్నాయనకు ఇయ్యి’ అని ఆ హాస్టలువాడు పంపింది. అది కేసుకు ఒక కాలు. రెండో కాలు ఆ ‘మాదే’.

విచారణ రోజు వాణ్ణి పట్టుకున్న పోలీసాయన బోనులో ఉన్నాడు. ప్లీడరమ్మ లేచి ప్రశ్నలు మొదలుపెట్టింది.

“సంచి గురించి అడిగితే ఏమన్నాడు?”

“మాదే అన్నాడు మేడమ్. అదే, నాదే అని.”

“మీకు పెళ్ళయిందా?”

“అయింది మేడమ్.”

“ఇంట్లో ఎవరున్నారని అడిగితే ఏమంటారు?”

“మా ఆవిడ ఉంది అంటాను.”

“మా ఆవిడా! ఎంతమందికప్పా?”

కోర్టంతా నవ్వింది. ఆ పోలీసాయన కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆమె మాత్రం నవ్వలేదు. “మన తెలుగులో మా అంటే సొంతం కావచ్చు, గుంపు కావచ్చు. తమరు విన్న మాట ఒకటి, రాసుకున్న మాట ఇంకొకటి,” అని కూర్చుంది. నేనెన్నో ఏళ్ళు సర్వనామాలు చెప్పాను. ఒక సర్వనామానికి అంత బరువుంటుందని ఆ రోజే చూశాను.

తెలిసి దగ్గర పెట్టుకున్నాడని రుజువు కాలేదని జడ్జిగారు కేసు కొట్టేశారు. బయటికొచ్చి నేను దండం పెట్టబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. మనవడి వైపు తిరిగింది.

“సంబరం చాలు గానీ, ఇను. ఇంగమీద ఎవరి సంచైనా సరే, లోపల ఏముండాదో సూసినాకనే మాది అను. సూడకుండా అనే మాట కాదది.”

వాడు ఆ మాటను మరీ గట్టిగా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి వాడి నోట ‘మా’ పోయింది. నా ఇల్లు, నా సైకిలు. ఇంటికొచ్చిన వాళ్ళకు నన్ను చూపించి ‘నా అవ్వ’ అనేవాడు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ విన్న ప్రతిసారీ ఆ బోనే నాకు కళ్ళముందు కనిపించేది.

మేం వెళ్ళేసరికి ఆ ముందుగది నిండా జనం. ఎక్కువమంది మాలాంటి వాళ్ళే. అందరికీ ఒకరి ముఖం ఒకరికి తెలుసు, ఒకరి కేసు ఒకరం అడగలేదు. ఆమెను తీసుకెళ్ళాక ఊరి నుంచి వచ్చిన బంధువొకామె గది కడుగుతూ, సామాన్లు జరిపి, బెంచీ కింద నుంచి ఒక సంచి లాగింది.

“ఎవరిది ఇది? ఎవురన్నా మరిచిపోయినారా?”

మావాడు ముందుకు పోయి సంచి అందుకుని, జిప్పు తీసి, అడుగుదాకా చూశాడు. ప్లీడర్లు మెడకు కట్టుకునే తెల్ల పట్టీ, కళ్ళజోడు, కాగితం పొట్లంలో సగం మిగిలిన శెనక్కాయలు.

“మాదే,” అన్నాడు.

జిప్పు వేసి, గోడ దగ్గరికి తీసుకుపోయి నల్లకోటున్న మేకుకే తగిలించాడు. కోటు కదిలి, దాని జేబులోంచి కడిగి ఇంకా ఆరని నేల మీద రెండు శెనక్కాయ తొక్కలు రాలాయి. ఎవరూ వాటిని తుడవలేదు.