చెల్లె రాసిన మొదటి పాఠం

పోయిన సోమవారం పొద్దున గద్వాల నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. అక్కడి కాలేజీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్తాడట. మా చెల్లె రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని వదిలిన సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్ల మీద తెరుచుకోవడం లేదని, తాను దాన్ని తిరిగి రాస్తున్నానని చెప్పాడు. తర్వాత కాసేపు నసిగాడు. “లోపల మేడమ్ పెట్టిన మాటలు ఇంట్ల మాట్లాడుకున్నట్టు ఉన్నయమ్మా. అవన్ని పుస్తకాల భాషల పెట్టమని మా పెద్దసారు అంటుండు. మీరు తెలుగు టీచర్ చేసిండ్రు గద, జర దిద్దిస్తరా? ఎవరన్న మార్చుకోవచ్చని మేడమే రాసి పెట్టింది. కానీ మీకు చెప్పకుంట మార్చనీకి నాకు మనసొప్పలే.” మాటలన్నీ కాగితాల మీద తీసి పంపుతానన్నాడు. ఇంకో చిన్న పని కూడా చెప్పాడు. అందులో మొదటి ఉదాహరణ మా ఇంట్లోని పుస్తకాల అర. దాని కొలతలు ఒకసారి సరిచూడాలట. చెల్లె పోయి రెండేళ్లు. అర వైపు చూడకుండానే సరేనన్నాను.

చెల్లె వనపర్తిలో పాలిటెక్నిక్ పిల్లలకు చెప్పేది. ఆదివారం బస్సెక్కి నాగర్‌కర్నూల్‌లో నా దగ్గరికి వచ్చేది. తను ఇష్టంగా చెప్పే పాఠం పేరు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. నాకు అర్థమయ్యేట్టు ఇట్లా చెప్పింది: ఒక వంతెన ఎంత బరువుకు ఎంత వంగుతుందో ఒక్కసారిగా చెప్పలేం. దాన్ని చిన్న చిన్న ముక్కలు అనుకుని, ముక్క ముక్కకూ లెక్క కట్టి, మళ్లీ కలిపితే మొత్తం సంగతి తెలుస్తుంది. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లు కొనే శక్తి వాళ్ల కాలేజీకి లేదు, పిల్లలకు అసలే లేదు. అందుకని తనే కూర్చుని పిల్లల కోసం ఒకటి రాసింది. ఉదాహరణకు వంతెన ఎందుకని మా ఇంటి పుస్తకాల అర పట్టుకుంది. టేపుతో చెక్క కొలిచి, వీధి చివర కూరగాయలమ్మ దగ్గర తక్కెడ అడిగి తెచ్చి, నా పుస్తకాలన్నీ తూచింది. నిఘంటువు పళ్లెంలో పట్టలేదు. “గింత బరువు పెట్టుకోని ఏం నేర్చుకున్నవక్కా?” అన్నది. ఆ తక్కెడ తిరిగి ఇచ్చేసరికి చీకటి పడింది. కూరగాయలమ్మతో మాటలు పడ్డది మాత్రం నేను.

లెక్క కట్టగానే కంప్యూటర్ తెర మీద నా అర చెక్క నడుమ లోతుగా కుంగిపోయింది. నేను నిజంగానే లేచి వెళ్లి అరను పట్టుకున్నాను. అప్పుడు కింద అక్షరాలు వచ్చాయి: “భయపడకుండ్రి. కండ్లకు కనపడాలని వంద రెట్లు పెంచి చూపిస్తున్న. అసలు గంత వంగలే.” చెక్క దేనిమీద ఆని ఉందో చెప్పడం పిల్లలు ఎప్పుడూ మరిచిపోతారట. అట్లా మరిచిపోతే “బిడ్డా, యాడన్న ఒక తాన ఆనాలె గద. గాలిల చెక్క నిలుస్తదా?” అని వచ్చేది. నేను ఆ మాటలన్నీ కాగితం మీద రాసుకుని, ఎర్ర పెన్నుతో దిద్దాను. ‘ఆధారమును నిర్దేశింపుము’ అని రాసింది నేనే. చెల్లె చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. “గిది చూస్తే పిల్లగాండ్లు కంప్యూటర్‌కు దండం పెట్టి లేచి పోతరక్కా” అన్నది. ఒక్కటీ తీసుకోలేదు. కోపంతో నేను రెండు ఆదివారాలు తనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ రెండు ఆదివారాలు నాకు ఇప్పుడు కావాలి.

ఒక మాట దగ్గర మాత్రం అప్పుడే అడ్డు తగిలాను. “బరువు తీస్తే చెక్క మళ్ల లేస్తది” అని ఉంది. నిజంగా లేస్తుందా అని అడిగాను. “ఏండ్లు గడిస్తే కట్టె అట్లనే ఉండిపోతదక్కా. ఇది మొదటి పాఠం, దీంట్ల కాలం లెక్కకు రాదు. మొదలే చెప్తే పిల్లలు పరేషానైతరు.”

హైదరాబాద్ దవాఖానలో స్కాన్ ఫిల్మును డాక్టరు వెలుతురుకు పెట్టి చూపించినప్పుడు చెల్లె నా చేయి పట్టుకుంది. “పెంచి చూపిస్తరక్కా. అసలు గంత ఉండదు” అన్నది. నేను నమ్మాను. లెక్కలు తెలిసింది తనకే కదా. తర్వాత నాలుగు నెలలే ఉంది. పదకొండో రోజున వచ్చిన ఒక పాత విద్యార్థి, విస్తరి ముందు కూర్చుని, “మేడమ్ మమ్ములను ఎన్నడు కోపం చెయ్యలేదమ్మా. అంత కంప్యూటర్‌తోనే తిట్టిపిచ్చేది” అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

గురువారం కాగితాలు వచ్చాయి. ముందు అర పని పూర్తి చేద్దామని పుస్తకాలన్నీ దించి నేల మీద పెట్టి, టేపుతో చెక్క కొలిచాను. చెక్క ఆ చివర నుంచి ఈ చివరకు దారం బిగించి కట్టాను. నడుమ దారానికీ చెక్కకూ మధ్య నా వేలు దూరింది. సాయంత్రం దాకా ఆగి మళ్లీ చూశాను. చెక్క లేవలేదు.

అప్పుడు ఎర్ర పెన్ను పట్టుకుని కాగితాలు చదివాను. ప్రతి మాటా తను పక్కన కూర్చుని అన్నట్టే ఉంది. పై కాగితం మీద ‘తెలుగు ఉపాధ్యాయురాలిగా చదివాను, దిద్దవలసినవి లేవు’ అని రాసి సంతకం చేశాను. చెక్క పొడవు, వెడల్పు, మందం తను రాసినట్టే ఉన్నాయని కింద రాశాను. కాగితాలు అందాక ఆయన మళ్లీ ఫోన్ చేశాడు.

“ఒక్కటి గూడ దిద్దలేదేందమ్మా?”

“తప్పులు కనబడలేదు నాయనా.”

“సరే తియ్యుండ్రి. పెద్దసారుకు మీ సంతకమే చూపిస్త.”

‘బరువు తీస్తే చెక్క మళ్ల లేస్తది’ అన్నచోట ఆ రోజు నా పెన్ను చాలాసేపు ఆగింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ తప్పని తెలిసిన వాక్యాన్ని నేను దిద్దకుండా వదల్లేదు. దాన్ని వదిలాను. పిల్లలు మొదట అట్లాగే నేర్చుకోనీ. కాలం సంగతి ఎవరూ చెప్పకపోయినా తెలుస్తుంది.