పైకప్పుతో పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులకు వెళ్ళి అమ్మాయిని తప్ప ఆ ఇంటి పైకప్పునంతా చూసిన మగవాడు సింగపూర్‌లో నేనొక్కణ్ణే. ఆ ఘోరం చెబుతాను, నవ్వుకోండి.

మాది ఒకప్పటి జమీ. భూములన్నీ తాతగారే హరాయించుకున్నారు. నా వాటాకొచ్చింది నిటారైన వెన్నెముక ఒక్కటే. దానితోనే బూన్ లే అనే పేటలో ఓ అద్దెగదిలో దర్జాగా ఉండేవాణ్ణి.

సంబంధం ఊరికి అవతలి కొసనున్న పుంగ్గోల్ పేట వాళ్ళది. పిల్ల తండ్రి రావుగారు బ్యాంకు ఉద్యోగి, ఇటలీ చర్చిల్లోని చిత్రాలు తిరిగి చూసొచ్చిన మనిషి.

“జమీందార్లకు పొగరని మా అమ్మ భయమండి. నాకైతే చిత్రకళ మీద నాలుగు మాటలు మాట్లాడే అల్లుడు చాలు,” అన్నారు ఫోన్‌లో.

“చిత్రకళ మా రక్తంలోనే ఉందండి,” అన్నాను. మా రక్తంలో ఉన్నది చక్కెర మాత్రమే.

అందుకే పెళ్ళిచూపుల ఆదివారం పొద్దున్నే ఓ చిత్రప్రదర్శనకు పరుగెత్తాను. పూర్వం ఇటలీ మహాచిత్రకారుడొకాయన చర్చి పైకప్పున తడి సున్నం మీద వేసిన బొమ్మలను అచ్చువేసి, హాలు కప్పంతా పరిచారు. కింద చాపలు. జనం హాయిగా వెల్లకిలా పడుకుని చూస్తున్నారు.

“పడుకోండి లా సర్, మెడ పట్టేస్తుంది,” అంది అక్కడి ఉద్యోగిని, మాటకో ‘లా’ తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో.

“నలుగురిలో నేల మీద పడుకునే అలవాటు మా ఇంట లేదు. వేసినాయన నిలబడే వేశాడుగా?”

“ఆయనకు డబ్బులిచ్చారు సర్.”

నిలబడే చూశాను. నిజం చెప్పొద్దూ, కాసేపటికి రావుగారినే మరిచిపోయాను. దూసుకొస్తున్న దేవుడు, చెయ్యి చాపడానికే బద్ధకిస్తున్న తొలి మనిషి, ఇద్దరి వేళ్ళ మధ్య ఆ కాస్త ఖాళీ. ఊపిరి బిగబట్టి చూశాను. ఊపిరి వదిలి తల దించబోతే, అది దిగలేదు. పాడైన గొడుగులా విచ్చుకున్నచోటే ఆగిపోయింది.

రైల్లో ఓ పెద్దావిడ నా చూపు వెంట తనూ పైకి చూసి, ఏమీ కనబడక, దూరంగా వెళ్ళి కూర్చుంది.

పుంగ్గోల్‌లో రావుగారు తలుపు తీశారు. “మా అమ్మగారండి.”

“సంతోషం,” అన్నాను ట్యూబ్‌లైట్‌తో.

“మొహమైనా చూడడేంట్రా ఈ అబ్బాయి?” అంది కింద నుంచి ఓ ముసలి గొంతు. “నే చెప్పలా, పొగరని.”

మెడ పట్టేసిందంటే సరిపోయేది. కానీ పరాయి ఇంట్లో నొప్పి చెప్పుకోవడమా? నేనా?

“మీ పైకప్పు బాగుందండి,” అన్నాను.

“ఇక్కడ అందరి ఫ్లాట్లకూ అదేనండి,” అన్నారు రావుగారు, చల్లగా.

ఇచ్చిన కాఫీని అందాజాగా ఎత్తి ముక్కులో పోసుకున్నాను. ఎవరో నా చేతిలోంచి కప్పు లాగేసుకున్నారు. సంబంధం తెగిపోయిందని అర్థమైంది.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. ట్యూబ్‌లైట్ పక్కన ఒక మొహం ఉదయించింది. అమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడింది.

“ఇప్పుడు కెన్ సీ ఆర్ నాట్? కనిపిస్తున్నానా?” అంది. “మెడ పట్టేసిందా? చెప్పొచ్చు కదా లా.”

“పట్టేసింది,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“నానమ్మా, పొగరు కాదు. స్టక్ అయిపోయాడు, అంతే. ఆ బామ్ ఇలా తే.”

ముసలావిడ నా మెడను చపాతీ పిండిలా పిసుకుతూ, “ముందే చెప్పి ఏడవకూడదూ?” అంది. ఆ మాటతో సంబంధం ఖాయమైంది.

కాబట్టి పూర్వీకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట మెడ నొప్పెడితే దాచను, అక్కడికక్కడే చెప్పేస్తాను. మోకాళ్ళ సంగతి మాత్రం మీకు అనవసరం.