నా తరఫు వకీలు

మా ఆయన హనుమకొండ కోర్టులో వకీలు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. వకీలుకు చెయ్యి పోతే గుమాస్తాను పెట్టుకోవచ్చు, మాట పోతే ఏం పెట్టుకుంటాడు? ఎంత మాట్లాడిస్తే అంత మంచిదని దవాఖానలో చెప్పారు. ఈయన మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు. నత్తిమాట మా చెవిన పడటం కూడా ఇష్టం లేదు.

రెండు నెలలకు ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. కిరాణా సేటు ఉద్దెర ఆపేశాడు. వకీళ్ల సంఘానికి ఒక సహాయనిధి ఉండేది. అందరూ నెలనెలా తలా ఇంత వేసేవారు. కష్టంలో పడ్డ వకీలు ఇంటికి అందులోంచి బియ్యం, మందులు పంపేవారు. సంఘం పెద్దలిద్దరు రిక్షాలో బియ్యం బస్తా తెచ్చారు. మా ఆయన ఎడమచేత్తో గుమ్మం చూపించాడు. బస్తా అదే రిక్షాలో వెనక్కి పోయింది.

నాకు ఒళ్లు మండింది. "పరువు పొయ్యి మీద పెడితే అన్నమైతదా?" అని అడిగాను. గోడ తప్ప ఎవరూ వినలేదు.

మర్నాడు సాయంత్రం ఇంకో వకీలు వచ్చాడు. పరకాల భూముల కేసుల్లో ఏళ్ల తరబడి మా ఆయనకు ఎదురు నిలబడ్డ మనిషి. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మా గడప ఎన్నడూ తొక్కలేదు. నల్లకోటు విప్పకుండానే మంచం పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

"చెల్లె, ఇయ్యాల్టి సంది నేను నీ వకీల్ను. నీ కేసేందో చెప్పు."

"బియ్యం తీసుకుందామంటాన్న అన్నా. ఈయన వద్దంటాండు."

ఆయన మంచం వైపు తిరిగాడు. "విన్నవా? జవాబియ్యి. ఇయ్యకపోతే ఎక్స్ పార్టీ చేసి, బస్తా తెచ్చి నీ మంచం కిందనే పెట్టిస్త."

ఎదుటి పక్షం పలకకపోతే కోర్టు ఏకపక్షంగా తీర్పిచ్చేస్తుంది. నోరు మూసుకుని ఓడిపోవడం మా ఆయన వల్ల అయ్యే పనా? పెదవులు వణికాయి, మెడనరాలు ఉబ్బాయి. "అబ్... జె... క్షన్" అన్నాడు.

ఆ గొంతు విని నాకు ఏడుపు ఆగలేదు. నా వకీలు మాత్రం "కారణం?" అని గద్దించాడు. కారణం బయటికి రాలేదు. "రేపటికి వాయిదా" అని లేచి వెళ్లిపోయాడు.

అట్లా రోజూ కోర్టయ్యాక వచ్చేవాడు. రోజూ వాదన, రోజూ వాయిదా. నేను అన్నానికి బదులు పిల్లలకు మక్కగట్క కాచి పోస్తూ ఇల్లు నెట్టుకొచ్చాను. మా ఆయన మధ్యాహ్నం నుంచే గొణుక్కుంటూ తయారయ్యేవాడు. ఒక సాయంత్రం కారణం బయటికి వచ్చింది. "బిచ్చం... వద్దు."

నా వకీలు కుర్చీ ముందుకు జరిపాడు. "పోయినేడు స్టేషన్ ఘన్‌పూర్ వకీల్ సచ్చిపోతే, ఆయన పెండ్లాం పిల్లలకు బియ్యం మోస్కపోయిందెవరు?"

"నే... ను."

"వాళ్లను బిచ్చపోళ్ల లెక్క చూసినవా?"

"లే... దు."

"మరి నీ పెండ్లాం పిల్లలు జేసిన తప్పేంది?"

మా ఆయన నావైపు చూశాడు. తర్వాత తడబడకుండా, "ఒప్పుకుంటున్న" అన్నాడు.

బస్తా ఆ సాయంత్రమే వచ్చింది. మరుసటేడు ఆయన కర్ర పట్టుకుని కోర్టుకెళ్లాడు, పరకాల కేసుల్లో వాళ్లిద్దరూ మళ్లీ కొట్లాడుకున్నారు. కేసు ఓడిన రోజు మా ఆయనకు అన్నం సయించేది కాదు. నా చేతిలో బియ్యం కేసు ఓడిన ఆ రాత్రి మాత్రం కంచం ముందుకు జరిపి, "ఇంకింత పెట్టు" అని నోరు తెరిచి అడిగాడు.