జబ్బు కుక్కపిల్లకు బేరం

గవర్నర్‌పేటలో మా ఆఫీసుకు దగ్గర్లో ఒక సందులో పెంపుడు జంతువుల దుకాణం ఉంది. ఒక మే నెల మధ్యాహ్నం ఎండకు తాళలేక దాని చూరు కింద నిలబడ్డాను. కింది బోనులో ఒక కుందేలు, కన్ను పుసికట్టి మూసుకుపోయి, కదలకుండా పడి ఉంది. జాలి వేసింది. వేస్తే వేసింది, నేను బేరం కూడా ఆడాను. మాది కొల్లేరు పక్క ఊరు, ఇంటిల్లిపాదిదీ చేపల వ్యాపారం. వాడిపోయిన చేపకు నిండు ధర ఇవ్వడం మా ఇంటా వంటా లేదు.

"ఇది రేపటిదాకా ఉండేలా లేదండీ, సగానికి ఇచ్చెయ్యండి" అన్నాను. దుకాణదారు వెంటనే ఇచ్చేశాడు.

పశువుల డాక్టరుగారి మందుతో కుందేలు బతికింది. ఇప్పటికీ మా వంటింట్లో కొత్తిమీర కట్ట నేల మీద పెడితే మాయం. ఆ గర్వంతోనే మళ్ళీ వెళ్ళి, వాంతులు చేసుకుంటున్న ఒక కుక్కపిల్లను తెచ్చాను. దానికీ బేరమాడాను. వారం తిరక్కుండానే అది పోయింది. మా ఆయన దాన్ని పెరట్లో పాతిపెట్టి వచ్చి, "వాడికి డబ్బులొచ్చాయి, నీకు పుణ్యమొచ్చింది. దానికేం దక్కింది?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "చల్లటి నేల మీద పడుకుని పోయింది, చాలదా?" అన్నాను. ఆ మాటను ఈ రోజుకీ వెనక్కి తీసుకోను.

కొన్నాళ్ళకు దుకాణదారే ఫోన్ చేశాడు.

"మేడమ్, మీకు పనికొచ్చేది ఒకటుందండీ. కొంచెం డల్‌గా ఉంది. ఇంకెవరికీ చెప్పలేదు, మీకోసమే ఉంచా."

వెళ్ళాను. నల్ల కుక్కపిల్ల, ముక్కు ఎండిపోయి ఉంది. డాక్టరుకు చూపించారా అని అడిగితే, "మీరెలాగూ చూపిస్తారు కదండీ" అన్నాడు. అందులో వెటకారం లేదు. నన్ను నమ్ముకున్నాడు, అంతే. వైద్యం చేయిస్తే ఖర్చు, చచ్చిపోతే నష్టం. నేనుంటే రెండూ లేవు. చెరువు గట్టున మావాళ్ళు చేసేదీ ఇదే. నీరసపడి పైకి తేలే చేపను కొనేవాళ్ళు దొరుకుతున్నంతకాలం చెరువులో నీళ్ళు మార్చాలన్న తొందర ఎవరికీ పుట్టదు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, ఇక్కడ నాకు తట్టనేలేదు. సిగ్గేసింది.

తెలిసిన వ్యాపారమే కదా అని ఒక ఎత్తు వేశాను.

"మందులు మీరే వాడండి. బాగయ్యాక నిండు ధరకి నేనే తీసుకుంటాను. బేరమాడను."

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బాగైతే మీరెందుకండీ? కొనేవాళ్ళు బోలెడుమంది."

కుక్కపిల్లకు నీళ్ళు పెట్టించి, నాలుగు గుక్కలు తాగేదాకా నిలబడి, కొనకుండానే వచ్చేశాను. మళ్ళీ ఆ సందులోకి వెళ్ళలేదు. అది బతికిందో పోయిందో అడగాలని చాలాసార్లు అనిపించింది. అడగడానికి వెళితే ఎత్తుకొచ్చేస్తానని నాకు తెలుసు.