కట్టని పట్టీ

ఈ మాట నా గొంతులో ఇరుక్కున్నప్పుడు నా కూతురు కడుపులో ఉంది. ఇప్పుడది కాలేజీకి పోతోంది. ఇన్నేళ్ళూ దీన్ని మింగలేదు, కక్కలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఒకరు రాసిపెడుతున్నారు, మీరు చదువుతున్నారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మా ఆయన ఫుట్‌బాల్ ఆడేవాడు. ఫలక్‌నుమాలో మా గల్లీ అంతా గిరి అని పిలిచేది. ఆయన ఆట చూసే ఒక ఆఫీసువాళ్ళు ఉద్యోగమిచ్చి తమ టీమ్‌లో పెట్టుకున్నారు. ఎడమ వింగ్ ఆయనది. మైదానం అంచున సున్నంతో గీత గీస్తారు కదా, ఆ గీత పట్టుకుని చివరిదాకా ఉరికి బంతిని నడిమికి కొట్టాలి. అక్కడ ఖలీల్ ఉండి గోల్ చేయాలి. ఖలీల్ మా పక్కనున్న బార్కస్ బస్తీ మనిషి. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. నాకు ఆట తెలియదు. బూట్లు కడగడం మాత్రం తెలుసు. ఎడమ బూటుకు సున్నం దట్టంగా అంటి ఉంటే ఆ రోజు బాగా ఆడాడని అర్థం.

మొదటి కడుపు ఏడో నెలలో పోయింది. ఆయన అప్పుడు ఏదో ఊళ్ళో టోర్నమెంట్‌లో ఉన్నాడు. ఆటోలో ఒక్కదాన్నే ఆస్పత్రికి పోయాను, ఒక్కదాన్నే తిరిగొచ్చాను. తర్వాత ఏడాదిన్నరకు మళ్ళీ ఏడో నెల పడింది. ఇది సాకుగా చెప్పడం లేదు. సాకేనా? నాకే తెలియడం లేదు.

ఆ రోజు ప్రాక్టీసు లేదు. నాకు పచ్చి చింతకాయ తినాలనిపించిందంటే వెతుక్కుంటూ మండికి పోయాడు. అప్పుడే ఒక మనిషి వచ్చాడు. కలకత్తా క్లబ్బులకు మన దగ్గరి ఆటగాళ్ళను చూసిపెట్టేవాడు. వాకిట్లో నిలబడే మాట్లాడాడు.

"గిరి ఏడి, చెల్లే? రేపు బండెక్కాలె. మూడు దినాలల్ల క్లబ్బు సంతకాలు బందయితయి. ఆడికి పోయి వీడే పెట్టాలె. ఖలీల్‌ను గూడ తీస్కపోతున్న."

"ఎన్ని దినాలకు వస్తడన్నా?"

"దినాలేంది! సీజనంతా ఆడ్నే." నా పొట్ట చూసి నవ్వాడు. "పుట్టినోడు నడిచి ఎదురొస్తడు తియ్, ఏం ఫికర్ చెయ్యకు."

నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆయన పహిల్వాన్ కాడికి పోయిండన్నా."

మా దిక్కు ఆ మాట చాలు. విరిగినా బెణికినా పాతబస్తీలో పహిల్వాన్ దగ్గరికే పోతారు. ఆటగాళ్ళయితే టీమ్‌కు తెలియకుండా పోయి పట్టీ కట్టించుకుంటారు. ఆ మనిషి మొహం మారిపోయింది.

"పట్టీకా? మొన్న మంచిగనే ఉరికిండు గదా?"

"పట్టీ ఇప్పి ఉరికిండు. ఎడమ మోకాలు. ఎవ్వరికి చెప్పకన్నా, నీ కాళ్ళు మొక్కుత."

ఆ చివరి మాట ఎందుకన్నాను? నిజమనిపించడానికే. అంత తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆయన గీత వెంట ఎంత బాగా ఉరికితే అంత గట్టిగా నొప్పి దాస్తున్నాడనుకునేలా చేశాను. ఈ ఒక్క ఏడు ఆగితే చాలు, వచ్చే ఏడు మళ్ళీ వస్తారులే అనుకున్నాను. అంతే అనుకున్నాను.

చింతకాయ తెచ్చాడు. ఉప్పద్దుకుని తిన్నాను.

ఖలీల్ కలకత్తా వెళ్ళిపోయాడు. అతనితో పాటు వేరే వింగ్ ఆటగాడు వెళ్ళాడు. కూతురు పుట్టినప్పుడు ఆయన ఆస్పత్రిలో నా పక్కనే ఉన్నాడు. నేను కోరుకున్నది జరిగింది. వచ్చే ఏడు ఎవరూ రాలేదు. ఎక్కడికి పోయినా మోకాలెట్లుందని అడిగేవాళ్ళు. ప్యాంటు పైకి లాగి చూపించేవాడు, కూర్చుని లేచి చూపించేవాడు. "అందరు గట్లనే అంటరు భాయ్" అని నవ్వేవాళ్ళట. చివరికి ఆఫీసు టీమ్ కూడా బయట కూర్చోబెట్టింది. బూట్లు సున్నం లేకుండా ఇంటికొచ్చేవి. అయినా కడిగేదాన్ని.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నా మోకాలు ఖరాబని ఖలీల్‌గాడే అన్నడు. నా జాగాల ఇంకొకన్ని తీస్కపోనీకె అన్నడు" అన్నాడు. చెప్పాల్సిన క్షణం అదే. నేను చారు పోశాను.

ఖలీల్ సెలవుకు వచ్చినప్పుడు మిఠాయి డబ్బా పట్టుకుని మా తలుపు కొట్టాడు. "గిరీ, నేనేం జేసిన్రా?" అని బయటినుంచి అడిగాడు. ఆయన తీయలేదు, నన్ను తీయనివ్వలేదు. గడియ మీద చేయి పెట్టి నిలబడ్డాను. ఏం చెప్పి తీయను?

తర్వాత ఆయన ఆఫీసులో ఫైళ్ళు మోశాడు. నలభై దాటగానే కాలేయం చెడింది. ఆస్పత్రి మంచం మీద, "వాడొస్తే నన్ను ముట్టనియ్యకు" అని నాతో ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. నా అబద్ధం మీద ఆయన ఒట్టు.

ఆయన పోయిన రోజు ఖలీల్ వచ్చాడు. జుట్టు తెల్లబడింది. "ఒక్కసారి భుజం ఇస్త, తమ్మీ" అని మా మరిదిని బతిమాలాడు. "అన్న వద్దన్నడు భాయ్, లొల్లి జెయ్యకు" అని మరిది అడ్డం నిలబడ్డాడు. గుమ్మంలో కూర్చుని ఉన్నాను. అందరూ నా ఏడుపు విన్నారు. నోటి దాకా వచ్చిన మాట ఎవరికీ వినిపించలేదు. పాడె గల్లీ మలుపు తిరిగేదాకా ఖలీల్ గోడకానుకుని నిలబడే ఉన్నాడు.

ఇప్పటికీ ఖలీల్ బజార్లో కనబడితే అతనే తల దించుకుంటాడు. నేను కొంగు సర్దుకుని పోతాను. అతని ఎదుట చెప్పే దమ్ము నాకు రాలేదు. వస్తుందని కూడా అనుకోవడం లేదు. క్షమించమని మిమ్మల్ని అడిగితే ఏం లాభం, నష్టపోయింది మీరు కాదు కదా. ఇది మాత్రం ఉన్నదున్నట్టు రాయమన్నాను.

ఆయన మోకాలికి ఏమీ కాలేదు. ఖలీల్ ఎవరితోనూ ఏమీ అనలేదు. అన్నది నేను.