కార్డేది?

మా లైబ్రరీ గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని పెద్ద బోర్డు ఉండేది. సరిగ్గా ఆ బోర్డు కింద కూర్చునే నర్సింహమ్మ గొంతు మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా వినిపించేది. ఆవిడ పుట్టిందీ మెట్టిందీ చేపలు పట్టే ఇళ్ళలోనే. భర్త అంజిలయ్య ఇబ్రహీంపట్నం చౌరస్తాలో చేపలు అమ్ముతాడు. పెళ్ళయ్యాక ఆవిడ పట్టుబట్టి ఇంటర్ పాసైంది, లైబ్రరీ సైన్సులో సర్టిఫికెట్ కోర్సు చేసింది, శేరిగూడ దాటాక ఉన్న మా ప్రైవేటు యూనివర్సిటీలో లైబ్రరీ అసిస్టెంటుగా చేరింది. నా పేరు హన్మంత్. అదే లైబ్రరీలో ఓ మూల జిరాక్స్ మిషన్ నాది. నాకు నోటి దురుసు ఎక్కువని అందరూ అంటారు. ఆవిడ ముందు నేను మూగవాణ్ణి.

కౌంటర్ దగ్గరికి ఎవరొచ్చినా ఆవిడ మొదటి మాట ఒకటే. “కార్డేది?” రెండో మాట, “లైన్ల రాండ్రి.” ఒకసారి ఒక ప్రొఫెసర్ గారు పిల్లల తలల మీదుగా చెయ్యి చాపి పుస్తకం అందుకోబోయారు. “పిల్లల ముంగట మీరే లైను తప్పితే ఎట్ల సార్?” అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

ఇంత దర్బారూ ఏ సంపదను చూసుకుని అంటారా? ఏముంది అక్కడ, మట్టి! సిలబస్ ఎప్పుడో మారిపోయిన పుస్తకాలు, అవీ అట్టలు ఊడినవి. ‘డిజిటల్ లైబ్రరీ’ అని ఒక అద్దాల గది, లోపల కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి ఉండేవి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. లైబ్రేరియన్ గారి పేరు తలుపు మీద ఇత్తడి పలకలో ధగధగా మెరిసేది. మనిషిని మాత్రం తనిఖీ రోజున తప్ప మేం చూసిన పాపాన పోలేదు.

ఆ తనిఖీ ఉందే, అదీ అసలు వేడుక. ముందు రోజు డీసీఎం వ్యాను వచ్చేది. ఇదే యాజమాన్యానికి సిటీలో ఉన్న ఇంకో కాలేజీ నుంచి కొత్త పుస్తకాలు దింపి మా అలమరల్లో పేర్చేవాళ్ళు. యూనివర్సిటీకి గుర్తింపు ఇచ్చే కమిటీ వచ్చి, చూసి, తలూపి, భోంచేసి వెళ్ళిపోయేది. మర్నాడు అదే వ్యానులో పుస్తకాలూ వెళ్ళిపోయేవి. పెళ్ళిచూపులకు అరువు నగలు పెట్టుకున్నట్టు ఉండేది మా లైబ్రరీ యవ్వారం.

కిందటేడు రావిర్యాల నుంచి బస్సులో వచ్చే శివాని అనే అమ్మాయి అలమరలో ఒక కొత్త పుస్తకం చూసింది. ఇవ్వమని అడిగింది. కమిటీ వెళ్ళేదాకా ఎవరూ ముట్టకూడదని పైనుంచి హుకుం. “రేపు రా బిడ్డా, నీకే ఇస్త” అంది నర్సింహమ్మ. మర్నాడు ఆ పిల్ల వచ్చేసరికి అలమర ఖాళీ.

“నిన్న ఉండె గదా అక్కా?” అంది శివాని.

అంతే. కోప్పడలేదు, ఏడవలేదు. ఆ రోజంతా నర్సింహమ్మ ఎవరి మీదా అరవకపోతే నాకు భయమేసింది. ఆ పిల్ల ఎవరో పంపిన పేజీల ఫోటోలు ఫోన్లో పెద్దవి చేసుకుంటూ చదివి, ఆ ఒక్క సబ్జెక్టూ తప్పింది. ఈసారి అది గట్టెక్కకపోతే క్యాంపస్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు కూర్చోనివ్వరు.

ఈ ఏడు మళ్ళీ వ్యాను వచ్చింది. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే దీక్షిత్ సారు దగ్గరుండి పుస్తకాలు పేర్పించాడు. “ఒక్కటి గూడ పిల్లలను ముట్టనియ్యకు. కమిటీ పోంగనే మళ్ళ కట్టియ్యాలె. ఈ నెలల్నే నీ కాంట్రాక్టు కొత్తగ చెయ్యాలె, యాదుంచుకో” అన్నాడు.

“అవ్ సార్” అంది నర్సింహమ్మ. ఆ ‘అవ్’ను నేను ఎందుకో నమ్మలేదు.

కమిటీలో ఒక పెద్దావిడ అలమరల ముందు ఆగి, కళ్ళజోడు సవరించుకుని అడిగారు. “పుస్తకాలు మరీ కొత్తగా ఉన్నాయే. పిల్లలకు ఇస్తున్నారా?”

దీక్షిత్ సారు తడుముకోలేదు. “రోజూ ఇస్తం మేడం. పొద్దుగాల నుంచి లైనే.”

నర్సింహమ్మ కుర్చీలోంచి లేచింది. “అవ్ మేడం. గిప్పుడు ఇచ్చే టైమే. జర నిలబడి చూసిపోండ్రి” అంది. చదువుకునే హాలు వైపు తిరిగి గొంతెత్తింది. “పిల్లలూ! కార్డులు తీస్కొని లైన్ల రాండ్రి! మనిషికి రెండు పుస్తకాలు!”

హాలు హాలంతా ఒక్కసారి లేచింది. క్యాంటీన్లో ఉన్నవాళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. లైను వరండా దాటి మెట్ల మీదికి పాకింది. మేడం ముచ్చటపడి అక్కడే నిలబడిపోయారు. దీక్షిత్ సారు ముఖానికి నవ్వు అతుక్కుపోయింది, కమిటీ ఉండగా దాన్ని పీకెయ్యడానికి లేదు. ఆయన ఆడిన అబద్ధాన్ని ఆవిడ ఆయన కళ్ళెదుటే నిజం చేసేస్తోంది. కిందటేడు శివాని అడిగిన పుస్తకం చివర అంటించిన చీటీ మీద తారీకు ముద్ర ఠక్కుమని పడింది. అబ్బ, ఆ చప్పుడు! నేనూ మిషన్ ఆపేసి లైన్లో నిలబడ్డాను.

“నీకెందుకు తమ్మీ?”

“ఉండనీ అక్కా.”

“కార్డేది మరి?”

నాకూ మినహాయింపు లేదు. కార్డు చూపిస్తేనే కాంక్రీటు గురించిన పుస్తకం దొరికింది. ఈ రోజుకీ అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మర్నాడు వ్యాను వచ్చేసరికి అలమరలు బోసిగా ఉన్నాయి. దీక్షిత్ సారు పళ్ళు కొరుక్కుంటూ వచ్చాడు.

“బుక్కులేవి?”

“పిల్లల తాన ఉన్నయ్ సార్.”

“ఇప్పుడే వాపస్ తెప్పియ్యి.”

“గడువు పదిహేను రోజులు. మధ్యల అడగొద్దని గా రూల్స్ బోర్డు మీద రాసుంది. కింద మీ సంతకమే ఉంది, చూడుండ్రి.”

“తమాషా చేస్తున్నవా? నౌకరి కావాలనుందా లేదా నీకు?”

“ఎందుకు లేదు సార్? మస్తుగుంది. గానీ ‘నిన్న ఉండె గదా అక్కా’ అని ఇంకో పిల్ల అడిగితే నేను జవాబు చెప్పలేను. నౌకరి పోతే పోనియ్యుండ్రి.”

ఆ క్షణంలో ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది, పెడితే నన్నూ తిట్టేదే. ఆ సాయంత్రమే ఆవిడను తీసేశారు. టిఫిన్ డబ్బా సర్దుకుంది. ఆఫీసువాళ్ళు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వకపోతే తనే కోఠీలో కొనుక్కున్న తారీకు ముద్ర కూడా సంచిలో వేసుకుంది. గుమ్మం దాటాక తన కుర్చీ వైపు ఒకసారి తిరిగి చూసింది. ఆ కుర్చీ అంటే ఆవిడకు ప్రాణం.

ఆ తర్వాత ప్యూన్ క్లాసు క్లాసుకూ తిరిగాడు. “అక్క ముద్రేసి ఇచ్చింది. అక్కకే ఇస్తం” అన్నారు పిల్లలు. బెదిరించినా అదే మాట, బుజ్జగించినా అదే మాట.

గడువు తీరిన రోజు సాయంత్రం నేను చౌరస్తాకు వెళ్ళాను. అంజిలయ్య చేపల బండ ముందు లైను ఉంది. సగం మంది చేతుల్లో సంచులు, సగం మంది చేతుల్లో పుస్తకాలు.

“నా గిరాకీకి నిలబడ జాగ లేకపాయె” అని గొణుగుతూనే అంజిలయ్య తక్కెడ పక్కకు జరిపి, భార్యకు చోటు చేశాడు. నర్సింహమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, పరీక్షలు అయిపోయే తారీకు ముద్రలో తిప్పిపెట్టింది. ఒక్కొక్కరినీ “కార్డేది?” అని అడిగి మరీ కొత్త గడువు ఠక్కు ఠక్కుమని వేస్తోంది.

అప్పుడొచ్చి ఆగింది దీక్షిత్ సారు కారు. దిగి నేరుగా బండ దగ్గరికి వచ్చాడు.

“నర్సింహమ్మా, సిటీ కాలేజీలోళ్ళు నా పానం తీస్తున్నరు. నువ్వు చెప్తేనే ఇస్తరంట. ఒక్క మాట చెప్పు. రేపటి నుంచే వచ్చి నీ కుర్చీల కూసో. కాంట్రాక్టు గాదు, పర్మనెంటు చేపిస్త.”

శివాని పుస్తకాన్ని గుండెకు అదుముకుంది. అంజిలయ్య కత్తి ఆపి భార్య ముఖంలోకి చూశాడు.

నర్సింహమ్మ తల ఎత్తలేదు.

“లైన్ల రాండ్రి సార్” అంది.

ఆయన అటూ ఇటూ చూశాడు. పిల్లల ఫోన్లు అప్పటికే పైకి లేచాయి. కాసేపు తటపటాయించి, వెళ్ళి చివర్న నిలబడ్డాడు. ముందున్నవాళ్ళందరూ ముద్ర వేయించుకుని ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు గానీ, ఒక్కరూ ఇంటికి పోలేదు. ఆయన వంతు వచ్చింది. చేపల బండ మీదికి కొద్దిగా వంగి, “ఏమంటవ్ మరి?” అని మెల్లగా అడిగాడు.

నర్సింహమ్మ ముద్ర చేతిలో పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాపింది.

“కార్డేది?”