పొట్టివాడే కింద ఉండాలి

బీరువా బావ ఎడమకాలి చెప్పు మూడో అంతస్తు మెట్ల మీద ఉండిపోవడం మొదట చూసింది ఆయన బావమరిదే. బావ మాత్రం ఒక కాలు వట్టిగానే వీధి దాకా నడిచి వచ్చి, బండి పక్కన తాళ్లు చుట్ట చుడుతూ నిలబడ్డాడు. చెప్పు కూడా బరువైపోయిందా బావా అని బావమరిది నవ్వితే తనూ నవ్వాడు. అది కాలి నుంచి జారినట్టే తెలియలేదని అప్పుడు చెప్పలేదు.

వరస కలిసినవాళ్లూ కలవనివాళ్లూ అందరూ ఆయన్ని బీరువా బావ అనే పిలిచేవాళ్లు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు ఎక్కించి దించడం ఆయన పని. ఇనప బీరువాలు, ఫ్రిజ్‌లు, రాతిపలక బల్లలు, ఒకసారి నీళ్లు తీయకుండా వదిలేసిన చేపల తొట్టి, ఇరవై ఏళ్లలో ఆయన మోయనిది లేదు. ఆ తొట్టి దించాక, చేపలన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోమని ఇంటావిడతో మహా మర్యాదగా అన్నాడు. మనిషి మాత్రం గట్టిగా అయిదడుగులుంటాడు.

భార్య తమ్ముణ్ణి పనిలోకి తీసుకున్న మొదటి రోజే ఒక నియమం చెప్పాడు. మెట్ల మీద పొట్టివాడే కింద ఉండాలి, పొడుగువాడు పైకొస పట్టుకోవాలి, ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా అంతే. తాటిచెట్టంత ఎదిగిన బావమరిది ఆ రోజు నుంచీ పైనే ఉన్నాడు. ఎక్కేటప్పుడు వెనక్కి నడవాలి, మెట్టు కనపడదు, మలుపులో మోచేతులు గోడకి గీసుకుపోతాయి. దాని గురించి అతను సణగని రోజు లేదు. "నీకు పైచేయి ఇచ్చానురా, ఇంకా ఏడుస్తావేంటి?" అనేవాడు బావ.

ఒకే వస్తువుని చెరో కొసా ఇన్నేళ్లు పట్టుకుని, అవతలి కొస ఎంత బరువో తెలియకపోవడం వింతే. కానీ సణిగేవాడికి అవతలివాడి మొహం చూసే తీరిక ఎక్కడిది?

నాలుగేళ్లుగా బావకి నడుం పట్టేస్తోంది. పొద్దున్నే పక్కకి దొర్లి, మోకాళ్ల మీద కూర్చుని, గోడ పట్టుకుంటే గానీ లేవలేడు. అది చూసి బావమరిదికి జాలేసేది. నువ్వు కిందే ఉండు బావా, పైన వెనక్కి నడిచే తిప్పలు నేను పడతాలే అనేవాడు. తను పెద్ద ఉపకారం చేస్తున్నానని మనసారా నమ్మాడు.

చెప్పు సంగతి విని అక్క పట్టుబట్టి, తమ్ముణ్ణి తోడిచ్చి ఆస్పత్రికి పంపింది. డాక్టరమ్మ ఎడమ పాదాన్ని సూదితో గుచ్చితే బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది పక్కకి ఉబ్బి నరాన్ని నొక్కేస్తోందని, ఇన్నేళ్ల బరువూ అక్కడే పడిందని ఆవిడ చెప్పింది. ఇక బరువెత్తకుండా ఉంటే కాలు బాగుపడొచ్చు. ఎత్తితే మాత్రం ఆ పాదం మీద ఆశ వదులుకోవాల్సిందే.

తిరిగి వచ్చేటప్పుడు బావ ఒక్కమాటే అన్నాడు. "నేను రాకపోతే కింద ఎవడుంటాడురా?"

పని మీద పెంచుకున్న గర్వం అనుకున్నాడు బావమరిది. పది రోజులు పడుకుని వచ్చేస్తానని బావ, గడప దాటనివ్వనని అక్క, ఇంట్లో మాటలే లేకుండా పోయాయి.

ఆ పది రోజులకని బావమరిది ఒక కొత్తమనిషిని కుదుర్చుకున్నాడు. సిమెంటు బస్తాలు మోసి ఆరితేరినవాడు, పొట్టివాడే. మొదటి పని రెండో అంతస్తుకి బీరువా. పొట్టివాడే కింద ఉండాలి కాబట్టి కిందికి వెళ్లమన్నాడు బావమరిది.

కొత్తమనిషి అతన్ని ఎగాదిగా చూశాడు. "అలాగని ఎవరు చెప్పారు? మెట్ల మీద బరువంతా కిందవాడిదే. నీలాంటి గట్టివాడే ఉండాలి."

బావమరిది నమ్మలేదు. అయినా కిందికి వెళ్లాడు. నాలుగో మెట్టు ఎక్కేసరికి బీరువా మొత్తం అతని మీదికి వాలింది. పైన ఇంకొకడు పట్టుకున్నాడన్న జాడే లేదు. మలుపు చేరేటప్పటికి నడుం కింద నుంచి తొడ దాకా ఒక మంట పాకింది. బీరువా దించి, మెట్టు మీద కూలబడి, కొత్తమనిషి చూస్తుండగానే ఏడ్చేశాడు. నువ్వు కిందే ఉండు బావా అని తను అన్న ప్రతిసారీ బావ సరేనని తలూపాడు.

పని ముగించి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు. బావ మోకాళ్ల కింద దిండు పెట్టుకుని చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఎందుకు చెప్పలేదు బావా?"

ఏ సంగతని బావ అడగలేదు. "చెబితే నువ్వు దిగేవాడివి. అప్పుడు నీ ఒంట్లో ఎముకలు తప్ప ఏమున్నాయిరా? మీ అక్క నిన్ను నా చేతుల్లో పెట్టింది."

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"తర్వాత అలవాటైపోయింది."

బావమరిది అక్కడే నిలబడి తేల్చేశాడు. "రేపట్నుంచి నేనూ అతనూ మలుపు మలుపుకీ మారతాం. రెండో అంతస్తు దాటితే మూడో మనిషిని పిలుస్తాం. నువ్వు రావద్దు. వచ్చావంటే కింద ఉండేది నేనే."

బావ తలుపు వెనక మేకుకి ఉన్న దట్టీ తెమ్మన్నాడు. బరువెత్తే ముందు ఇరవై ఏళ్లుగా ఆయన నడుముకి బిగించిన మందపాటి గుడ్డ అది. మళ్లీ లేచి కట్టుకుంటాడేమోనని బావమరిది ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు కాదు. నువ్వు కట్టుకో."

కట్టుకున్నాడు. ముడి సరిగ్గా పడిందో లేదో చూద్దామని బావ లేవబోయాడు, లేవలేకపోయాడు. చేయి చాపాడు. ముడి అందలేదు. బావమరిది మోకాళ్ల మీద కిందికి దిగి, ఆ చేతికి అందేలా కూర్చున్నాడు.